ఐదు పేపర్లు, ఎనిమిది నిమిషాలు

విశ్వవిద్యాలయంలో ఉద్యోగం కోసం వచ్చిన మనిషి రాసిన పరిశోధన వ్యాసం ఖరీదు మన దేశంలో రెండు మార్కులు. వెటకారానికి అంటున్న మాట కాదిది. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో తేల్చే పట్టిక ఒకటి 2018 యూజీసీ నిబంధనల్లో ఉంది. మంచి మార్కులతో డిగ్రీ పాసైతే 15, పీజీకి 25, పీహెచ్‌డీకి 30, నెట్‌తోపాటు జేఆర్‌ఎఫ్ కూడా ఉంటే 7, పాఠాలు చెప్పిన అనుభవానికి ఏడాదికి రెండు చొప్పున 10, అవార్డులకు 3. పరిశోధన వ్యాసాలకు ఒక్కోదానికి రెండు, మొత్తం మీద పదికి మించకుండా. అంటే ఐదు వ్యాసాలతో ఆ గడి నిండిపోతుంది. ఆరోది రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. డిగ్రీ కాలేజీల పట్టికలో ఆ గడి ఇంకా చిన్నది. అక్కడ ఆరు మార్కులే, మూడు వ్యాసాలతో సరి.

పుస్తకం ఊసు ఆ గడిలో లేదు. పత్రికల్లో వచ్చిన వ్యాసాలకే లెక్క. భద్రిరాజు కృష్ణమూర్తిగారి 'తెలుగు వెర్బల్ బేసెస్' 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రెస్ నుంచి వచ్చింది. ద్రావిడ భాషల మీద పనిచేసేవాళ్లెవరూ ఇప్పటికీ దాన్ని దాటి పోలేరు. అలాంటి పుస్తకం ఒక్కటే చంకన పెట్టుకుని ఇవాళ ఎవరైనా కుర్రవాడు దరఖాస్తు చేస్తే పబ్లికేషన్ల గడిలో అతనికి పడేది సున్నా. అసోసియేట్ ప్రొఫెసర్ మెట్టు దగ్గరికి వచ్చాకే పుస్తకానికి పాయింట్లుంటాయి. అక్కడిదాకా రావాలంటే ముందు ఈ గుమ్మం దాటాలి కదా!

నేను తెలుగు శాఖలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. స్క్రూటినీ కమిటీల్లోనూ, బయటి విశ్వవిద్యాలయాలకు సబ్జెక్టు ఎక్స్‌పర్టుగానూ కూర్చున్న అనుభవంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

స్క్రూటినీ గది ఎలా ఉంటుందో చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. పొడవాటి బల్ల మీద స్పైరల్ బైండింగ్ చేసిన దరఖాస్తులు గుట్టగా పడి ఉంటాయి. ఇప్పుడు ఆన్‌లైన్ అంటారు గాని, ఆన్‌లైన్‌లో పెట్టింది మళ్లీ ప్రింటు తీసి పంపమనే చోట్లే ఎక్కువ. ఒక్కో దరఖాస్తు మూడు నాలుగు అంగుళాల మందం. పదో తరగతి మార్కుల జాబితా నుంచి ఏదో సదస్సులో ఇచ్చిన పార్టిసిపేషన్ సర్టిఫికెట్ వరకూ, ప్రతి పేజీ మీదా సొంత అటెస్టేషన్ సంతకం. ముందు పేజీలో అభ్యర్థి తనకు తానే వేసుకున్న మార్కులు. సెక్షన్ అసిస్టెంటు గారు దరఖాస్తు తెరిచి చదువుతుంటారు: "పేపర్లు తొమ్మిది, సార్." కమిటీలో ఒకరు వ్యాసం మొదటి పేజీ జిరాక్సు చూస్తారు. ఆ పేజీలో వారికి కావలసింది మూడే. అభ్యర్థి పేరు ఉందా, ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు ఉందా, ఆ పత్రిక యూజీసీ ఆమోదిత జాబితాలో ఉన్న కాలంలోనే అచ్చయిందా. ఉంటే టిక్కు. రెండో పేజీ తిప్పే అవసరం ఎవరికీ రాదు. చాలా దరఖాస్తుల్లో రెండో పేజీ జతపరచమని అడగరు కూడా.

వ్యాసం దేని మీద? అందులో కొత్త సంగతి ఏముంది? ఆ ప్రశ్న ఆ గదిలో ఎవరైనా వేశారంటే వాళ్లను పనికి అడ్డం పడే మనిషిగా చూస్తారు. సాయంత్రానికి మూడొందల దరఖాస్తులు తేలాలి మరి.

ఇలా లెక్కపెట్టడాన్ని తిట్టిపోయడం తేలిక. కానీ ఇది ఎందుకొచ్చిందో మరిచిపోయి తిట్టకూడదు. ఒకప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో లెక్కలేవీ లేవు, మనుషుల్ని చూసే కన్ను ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ చాన్స్‌లర్. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి బెంగాలీ యువకులు వాల్తేరులో పాఠాలు చెప్పారు. ఒకాయన తర్వాత కేంద్రంలో విద్యామంత్రి అయ్యాడు, ఇంకొకాయన పార్లమెంటులో కమ్యూనిస్టుల గొంతు అయ్యాడు. వాళ్లు వాల్తేరులో అడుగుపెట్టిన నాటికి ఎన్ని వ్యాసాలు అచ్చేశారని ఎవరూ లెక్కపెట్టి ఉండరు. అలాగే ఢాకాలో సత్యేంద్రనాథ్ బోస్ ప్రొఫెసర్ అయ్యేనాటికి ఆయనకు డాక్టరేట్ లేదు. ఐన్‌స్టీన్ రాసిన ఉత్తరం ఉంది. ఇవాళ్టి పట్టికలో డాక్టరేట్‌కు ఉన్న ముప్పై మార్కులూ ఆయనకు పోయినట్టే. అయితే ఐన్‌స్టీన్ ఆ ఉత్తరం మొహమాటానికి రాసింది కాదు. 1924లో బోస్ పంపిన వ్యాసాన్ని ఆయన చదివాడు. చదివి ఊరుకోలేదు, తనే జర్మన్‌లోకి అనువదించి పత్రికకు పంపాడు. ఒక మనిషి పని తెలిసిన ఇంకో మనిషి రాసిన ఉత్తరం అది.

ఆ కన్ను అందరికీ ఉండదు. ఉన్నవాళ్లు కూడా ఎప్పుడూ నిజాయితీగా చూడరు. రాధాకృష్ణన్ చేతిలో ఉన్న అధికారమే తర్వాత వచ్చిన ఎందరి చేతుల్లోనో మేనల్లుళ్లకూ, సొంత కులంవాళ్లకూ, గైడు చేసిన శిష్యులకూ, ఎమ్మెల్యే గారి చీటీ తెచ్చుకున్నవాళ్లకూ దారి వేసింది. ఎవరికి ఉద్యోగం వస్తుందో నోటిఫికేషన్ రాకముందే క్యాంటీన్లో చెప్పుకునే రోజులు నేను చూశాను. ఆ పరిస్థితిలో 2010లో యూజీసీ ఏపీఐ అని ఒక పాయింట్ల పద్ధతి తెస్తే నాలాంటివాళ్లం సంతోషించాం. ఎవరూ తెలియని ఊరి నుంచి, ఎవరి అండా లేని ఇంటి నుంచి వచ్చిన పిల్ల "నాకు డెబ్బై ఆరు మార్కులున్నాయి, డెబ్బై నాలుగు ఉన్న అతన్ని పిలిచి నన్నెందుకు పిలవలేదు?" అని అడగగలిగింది. కోర్టుకు వెళ్లగలిగింది. అంకెకు ఉన్న గొప్పతనం అది. అంకెకు మేనమామ ఉండడు.

అందుకే లెక్క తీసేయమని నేననను. తీసేస్తే మళ్లీ క్యాంటీన్ జోస్యాలే మిగులుతాయి.

చిక్కు ఇంకోచోట వచ్చింది. వ్యాసానికి రెండు మార్కులని తేలగానే వ్యాసాలకు గిరాకీ పుట్టింది, గిరాకీ ఉన్నచోట దుకాణం వెలిసింది. "మూడు రోజుల్లో ప్రచురణ, ఐఎస్‌ఎస్‌ఎన్ గ్యారంటీ, సర్టిఫికెట్ ఉచితం" అని వాట్సాప్‌లో వచ్చే ప్రకటనలు పరిశోధక విద్యార్థులందరికీ తెలుసు. రెండు వేలో, మూడు వేలో కడితే పని అయిపోతుంది. ఐఎస్‌ఎస్‌ఎన్ అన్నది పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు మాత్రమే, ఆ పత్రిక మంచిదని ఎవరూ హామీ పడ్డట్టు కాదు. అయినా మన స్క్రూటినీ గదుల్లో అది ఐఎస్‌ఐ ముద్ర లాగా చలామణీ అయింది. దీన్ని అరికడదామని యూజీసీ 2017లో ఆమోదిత పత్రికల జాబితా పెట్టింది. మరుసటి ఏడు మే నెలలో అందులోంచి 4,305 పత్రికల్ని ఒక్క దెబ్బకు తీసేయాల్సి వచ్చింది. తర్వాత 2019లో దాని స్థానంలో కేర్ అనే కొత్త జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసి, ఏది మంచి పత్రికో మీరే తేల్చుకోండని సంస్థలకే వదిలేశారు. ఈ మధ్యలో దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల గతేమిటి? జాబితాలో ఉన్నప్పుడు పంపితే, అచ్చయ్యేసరికి ఆ పత్రిక జాబితాలో లేకుండా పోయిన వాళ్లున్నారు. వాళ్లు స్క్రీన్ షాట్లు దాచుకుని, తేదీలు చూపించి వాదించుకున్నారు.

ఈ వ్యాపారంలో మన హైదరాబాదుకూ పెద్ద పీటే ఉంది. ఇక్కడి నుంచి నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) జరుగుతుందని చెప్పి మోసం చేశారనీ, ప్రచురణకయ్యే ఫీజుల సంగతి ముందు చెప్పకుండా దాచారనీ అభియోగం. 2019లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ప్రపంచంలో ఏ మూల శాస్త్రవేత్తలకైనా ఇలాంటి పత్రికల పేరెత్తగానే మన ఊరి పేరు గుర్తుకు రావడం నాకు ఇప్పటికీ గుచ్చుకునే విషయం.

తెలుగు శాఖల్లో ఈ రోగానికి ఇంకో రూపం ఉంది. రెండు రోజుల జాతీయ సదస్సు పెడతారు. నూట యాభై పత్రాలొస్తాయి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం శాలువా. తర్వాత ఆ నూట యాభైనీ కలిపి ఏదో పత్రిక ప్రత్యేక సంచికగా అచ్చేస్తారు, దిండంత లావున. 'శ్రీశ్రీ కవిత్వంలో అభ్యుదయం', 'జాషువా కవిత్వంలో సామాజిక స్పృహ', మళ్లీ 'జాషువా కవిత్వంలో సామాజిక దృక్పథం'. రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు అవి రెండేసి మార్కులు. ఎవరూ చదవరని తెలిసి రాసినవాడికి చదివించేలా రాయాలన్న పట్టుదల ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో మొదలుపెట్టిన 'భారతి' నాకు ఇక్కడ గుర్తుకొస్తుంది. 1991లో ఆగిపోయేదాకా తెలుగు చరిత్ర, సాహిత్య పరిశోధనకు అది పెద్ద వేదిక. మల్లంపల్లి సోమశేఖరశర్మ, వేటూరి ప్రభాకరశాస్త్రి, నిడదవోలు వెంకటరావు వంటివాళ్లు అందులో రాశారు. శాసనంలో ఒక అక్షరం మీద ఒకాయన రాస్తే, దాన్ని ఖండిస్తూ తర్వాతి సంచికల్లో ఇంకొకాయన. ఆ వాదులాటే వాళ్ల పీర్ రివ్యూ. ముందు గుట్టుగా జరగాల్సిన పరీక్ష అచ్చయ్యాక బాహాటంగా జరిగేది, చదువరులందరూ సాక్షులు. రెడ్డి రాజ్యాల మీద శర్మగారి ఇంగ్లీషు గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. అటువంటి పత్రిక ఇప్పుడుంటే ఏ జాబితాలో చేరుతుందో, చేరడానికి ఏ ఫారం నింపాలో పంతులుగారికి ఎవరు చెబుతారు?

అసలు ఈ లెక్కల్లో వాడే అంకెల్లో కొన్ని ఎక్కడో వేరే పని కోసం పుట్టినవి. పత్రికలోని వ్యాసాల్ని సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను యూజీన్ గార్ఫీల్డ్ బృందం తయారుచేసింది పత్రికల్ని బేరీజు వేయడానికి. ఏ పత్రికకు చందా కట్టాలో లైబ్రరీలు తేల్చుకోవడానికి అది పనికొచ్చింది. పత్రికకు వేసిన కొలత మెల్లగా అందులో రాసిన మనిషికి తగులుకుంది. మన నిబంధనల్లోనే చూడండి. అసోసియేట్ ప్రొఫెసర్‌కు 75, ప్రొఫెసర్‌కు 120 రిసెర్చి స్కోరు కావాలి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెరిగేకొద్దీ వ్యాసానికి పాయింట్లు కలుస్తాయి. ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికీ డెబ్బై శాతం. డెబ్బై, డెబ్బై కలిపితే నూట నలభై. ఒక వ్యాసం ఇద్దరి చేతుల్లో పడగానే దాదాపు ఒకటిన్నర అయిపోతుంది, ఇంతకంటే ఉదారమైన గణితం నేనెక్కడా చూడలేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి ఈ లెక్కలో వేసి చూశానొకసారి. రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి మీద ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో వ్యాసం ప్రచురించారు. జీవరసాయన శాస్త్రంలో పదే పదే ఉదహరించే వ్యాసాల్లో అదొకటి. మన పట్టికలో డెబ్బై శాతం ఆయనకు వచ్చేది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన నడిపించిన బృందాల నుంచే ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్ వంటివి వచ్చాయి. తన పేరు ముందుకు నెట్టుకునే గుణం ఆయనకు లేదని ఎరిగినవాళ్లందరూ చెప్పిన మాట. లెక్కపెట్టే పద్ధతి లేని చోటా ఇలాంటి మనిషికి అన్యాయం జరిగింది, ఉన్న చోటా జరుగుతుంది. ఆయన పనేమిటో దగ్గర కూర్చుని తెలుసుకున్న చోట మాత్రం జరగలేదు.

అంకె వచ్చి మనల్ని చదివే శ్రమ నుంచి తప్పించింది. పక్షపాతాన్ని ఆపడానికి తెచ్చుకున్నాం, సోమరితనానికి వాడుకుంటున్నాం. ఇదే నా ఫిర్యాదంతా.

జర్మనీలో డీఎఫ్‌జీ అని పరిశోధనకు నిధులిచ్చే జాతీయ సంస్థ ఉంది. 2010లో, సరిగ్గా మనం ఏపీఐ తెచ్చుకున్న ఏడే, వాళ్లొక నియమం పెట్టారు. దరఖాస్తులో అభ్యర్థి తన ముఖ్యమైన వ్యాసాలు ఐదింటిని మించి చూపించకూడదు. యాభై ఉన్నా ఐదే చెప్పు, ఆ ఐదూ మేము చదువుతాం అన్నది వాళ్ల ఉద్దేశం. అది నిధుల సంగతే గాని ఉద్యోగాల సంగతి కాదు, నిజమే. కానీ గమ్మత్తు చూడండి. మనకూ ఐదే, అప్పట్లో వాళ్లకూ ఐదే. మన ఐదు మార్కులు నింపుకోవడానికి, వాళ్ల ఐదు చదువుకోవడానికి. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన పత్రికా సంపాదకులు, ప్రచురణకర్తలు కూడా ఇదే చెప్పారు. వ్యాసం ఏ పత్రికలో వచ్చిందన్నది కాదు, అందులో ఏముందో చూసి మనిషిని తూచండి అని ప్రకటన చేస్తే, వేల మంది సంతకాలు పెట్టారు.

సరే, లెక్క తేలింది, షార్ట్‌లిస్టు వచ్చింది. ఇక రెండో అంకం.

ఇక్కడ నిబంధనల్లో ఒక వాక్యం ఉంది, చాలామంది అభ్యర్థులకు అది తెలియదు. పట్టికలో వచ్చిన స్కోరు ఇంటర్వ్యూకి పిలవడానికి మాత్రమే పనికొస్తుంది, ఎంపిక పూర్తిగా ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభ మీదే. అంటే ఏళ్ల తరబడి రెండేసి మార్కులు కూడబెట్టుకున్నవాడు గుమ్మం దగ్గర ఆ మూట దించి లోపలికి రావాలి. లోపల తొంభై వచ్చినవాడూ, అరవై ఐదు వచ్చినవాడూ సమానం. మొదటి అంకంలో మనిషి లేడు, అంకె ఉంది. రెండో అంకంలో అంకె లేదు, మనిషి ఉన్నాడు. ఉన్న మనిషికి మనం ఇచ్చే సమయం ఎంత?

ఇంటర్వ్యూ తేదీ ఎలా ఖరారవుతుందో చెబితే ఆ సంగతి తేలుతుంది. సెలక్షన్ కమిటీలో వైస్ చాన్స్‌లర్, చాన్స్‌లర్ తరఫున ఒకరు, బయటి సబ్జెక్టు ఎక్స్‌పర్టులు ముగ్గురు, డీన్, శాఖాధిపతి ఉంటారు. వెనుకబడిన వర్గాలవాళ్లు, మహిళలు, దివ్యాంగులు అభ్యర్థుల్లో ఉండి, కమిటీలో ఆ వర్గాలవాళ్లెవరూ లేకపోతే ఒక ప్రతినిధిని కూడా వేయాలి. కోరం నిండాలంటే కనీసం నలుగురు, అందులో ఇద్దరు బయటి ఎక్స్‌పర్టులు. ఈ ఏడెనిమిది మంది తీరికలు కలవాలి. రిజిస్ట్రార్ ఆఫీసు వాళ్లు ఫోన్లు చేసి చేసి ఒక తేదీ కుదురుస్తారు. ఈలోగా ఎన్నికల కోడ్ వస్తుంది. లేదా రిజర్వేషన్ రోస్టర్ తప్పని ఎవరో కోర్టుకెక్కుతారు, స్టే వస్తుంది. లేదా వైస్ చాన్స్‌లర్ గారి పదవీకాలం అయిపోతుంది. లేదా ఒక నెలలో అయిపోబోతోందని ఉన్నపళంగా మూడు శాఖల ఇంటర్వ్యూలు వరసగా పెట్టేస్తారు. ఎలా కుదిరినా, కుదిరేది ఎక్స్‌పర్టుల రాకపోకల్ని బట్టి. పొద్దున తొమ్మిదికి దిగాలి, సాయంత్రం ఏడు ఫ్లైటుకు ఎక్కాలి. మధ్యలో ఉన్న గంటల్లో అరవై మంది తేలాలి. భోజనం, టీలు తీసేస్తే ఎనిమిది గంటలనుకుందాం. తలా ఎనిమిది నిమిషాలు. అందులో లోపలికి రావడం, నమస్కారం పెట్టడం, కూర్చోవడం, ఫైలు తీయడం పోగా మిగిలింది మనిషిని తెలుసుకోవడానికి.

కాల్ లెటర్‌లో అందరికీ ఒకే సమయం ఉంటుంది: ఉదయం 9 గంటలకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావలెను. పిలుపు మాత్రం ఎప్పుడొస్తుందో తెలియదు. శ్రీకాకుళం వైపు నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినవాళ్లు, ఆదిలాబాద్ నుంచి బస్సు మారి వచ్చినవాళ్లు, చంటిబిడ్డను తల్లి చేతికిచ్చి వరండాలో కూర్చోబెట్టిన అమ్మాయిలు సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. పేరు 'వై' అక్షరంతో మొదలైతే ఇక చెప్పనక్కర్లేదు, వాళ్ల వంతు వచ్చేసరికి ఎక్స్‌పర్టు గారు గడియారం చూస్తూ ఉంటారు.

ఒక ఇంటర్వ్యూలో జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు అక్కర్లేదు. ఒకమ్మాయి వచ్చింది. షార్ట్‌లిస్టులో చిట్టచివరి పేర్లలో తనది ఒకటి, వ్యాసాలు మూడే. అప్పటికే పొద్దు వాలింది.

"ఏమ్మా, ఎక్కణ్ణుంచి వచ్చావ్?"

"పాలకొండ నుంచి సార్."

"గైడెవరు?"

చెప్పింది. గైడు గారు బాగున్నారా అని ఒకరడిగారు. ప్రబంధ లక్షణాలేమిటని ఇంకొకరు అడిగారు, బీఏ పిల్లల్ని అడిగినట్టు. చెప్పింది. నాకు వ్యాసాల జాబితాలో ఒక పేరు కనిపించింది. కైఫీయత్తుల్లో, అంటే పాత గ్రామ చరిత్రల్లో, చెరువుల గురించిన వివరాల మీద వ్యాసం. అదేమిటమ్మా అన్నాను. అంతసేపూ తల దించుకున్న పిల్ల గొంతు మారిపోయింది. మెకంజీ సేకరించిన కైఫీయత్తుల్లో చెరువు తవ్వించిన వాడి పేరు ఎక్కడ చెబుతారు, తవ్విన వాళ్ల పేర్లు ఎక్కడ కనిపిస్తాయి, ఏ మాన్యం ఎవరికి పోయింది, ఆ ఊళ్లకు వెళ్లి చూస్తే ఇప్పుడేముంది... గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. అధ్యక్షస్థానంలో ఉన్నాయన "సరేనమ్మా, థాంక్యూ" అన్నారు. బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. ఆ వ్యాసం పూర్తి ప్రతి ఫైల్లో లేదు. మొదటి పేజీ ఉంది. నంబరు వేసి, టిక్కు పెట్టి ఉంది.

ఆమెకు ఉద్యోగం రాలేదు. వచ్చినవాడు అనర్హుడని నేననడం లేదు. అతనికి వ్యాసాలు పదకొండున్నాయి, వాటిలో ఏ ఒక్కదాని గురించీ ఎవరూ అడగలేదు. ఇద్దరి పనీ మాకు తెలియకుండానే ఇద్దరిలో ఒకరిని ఎంచుకున్నాం.

దీన్ని బాగుచేద్దామన్న ఆలోచనలు ప్రభుత్వాలకు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా స్క్రీనింగ్ పరీక్ష పెట్టారు. బిట్లు పెట్టి పరిశోధకుణ్ణి ఎంచడం నాకు మింగుడు పడదు. నన్నయ ఏ రాజు కొలువులో ఉన్నాడో టిక్కు పెట్టగలవాడు పాఠం చెప్పగలడని హామీ ఏమిటి? తెలంగాణలో 2025లో వచ్చిన ఉత్తర్వు కొంత నయం. చదువు, పరిశోధన రికార్డుకు 50, సబ్జెక్టు పరిజ్ఞానం, బోధన నైపుణ్యాలకు 30, ఇంటర్వ్యూకి 20. కనీసం కూడబెట్టుకున్న మూట గుమ్మం దగ్గర దించనక్కర్లేదు, తరగతి గదిలో నిలబడి మాట్లాడగలడా అన్నదానికి చోటు దొరికింది. అయినా చదవడం అన్న మాట అందులోనూ లేదు.

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. పట్టికను జల్లెడగానే ఉంచండి, మూడొందల్ని ముప్పై చేయడానికి అది చాలు. ఆ ముప్పై మందినీ తమకు నచ్చిన రెండు వ్యాసాలు, పూర్తిగా, మొదటి పేజీ ఒక్కటే కాకుండా, పంపమనండి. పుస్తకముంటే పుస్తకంలో ఒక అధ్యాయం. ఎక్స్‌పర్టులకు విమానం టికెట్టుతోపాటు పదిహేను రోజుల ముందు అవి అందాలి. తలా పది మందివి చదివి, ఒక్కొక్కరి మీద అరపేజీ రాసివ్వాలి. సంతకంతో. రాతలో ఉన్న పక్షపాతాన్ని పట్టుకోవచ్చు, నోటిమాటలో ఉన్నదాన్ని పట్టుకోలేం. తర్వాత ముప్పై మందిని రెండు రోజుల్లో పిలవండి, ఒక్కొక్కరికీ సమయం వేసి: నీకు పది గంటలకు, నీకు పదిన్నరకు. అరగంట మాట్లాడితే మనిషి పని తెలుస్తుంది.

ఎక్స్‌పర్టులు ఒప్పుకోరని అంటారు. పెద్దవాళ్లు, తీరిక లేనివాళ్లు. పీహెచ్‌డీ థీసిస్ మూడొందల పేజీలు చదివి రిపోర్టు రాసి రెమ్యూనరేషన్ బిల్లు పెట్టేది ఈ పెద్దలే కదా! ముప్పై ఏళ్లు ఆ శాఖలో పాతుకుపోయి, వేల మంది పిల్లలకు పాఠం చెప్పబోయే మనిషి కోసం నలభై పేజీలు చదవలేరా? రెండో రోజు గెస్ట్‌హౌస్ ఖర్చు భరించలేమని రిజిస్ట్రార్లు అంటారు. ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ముప్పై ఏళ్లలో ఇచ్చే జీతం కూడి చూసుకుంటే ఆ మాట మళ్లీ అనరు. చదివితే మళ్లీ ఇష్టాయిష్టాలు వస్తాయన్నది ఒక్కటే గట్టి అభ్యంతరం. వస్తాయి. ఎనిమిది నిమిషాల్లో రావడం లేదా? అక్కడ వచ్చేవి మనిషి ఊరి మీద, గైడు మీద, ఇంటిపేరు మీద. చదివితే కనీసం వ్యాసం మీద వస్తాయి.

కమిటీలకు వెళ్లే నా తోటివారికి ఒక మనవి. ఈసారి రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఫోనొస్తే, ఏ తేదీ, ఏ ఫ్లైటు అని అడిగాక ఇంకో మాట కూడా అడగండి: "అభ్యర్థుల వ్యాసాలు ముందుగా పంపుతారా?" అని. నిబంధనలు ఒప్పుకోవని వాళ్లంటే నమ్మకండి. ఇంటర్వ్యూ దశలో తరగతి గదిలో పాఠం చెప్పించీ, సెమినార్ ఇప్పించీ బోధన సామర్థ్యాన్నీ పరిశోధనాసక్తినీ పరీక్షించవచ్చని యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి. వ్యాసం చదవకూడదని అందులో ఎక్కడా రాసిలేదు.